మాస్టారి గ్యారేజీ: మెర్సిడెస్ ఎవరి కూతురు?

గత సంచికలో మాటవరసకు ‘మెర్సిడెస్ అన్నది ఓ చిన్నపిల్ల పేరు’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ వాక్యం మీదే. క్లచ్ గురించీ మైలేజీ గురించీ రాసినవాళ్లు ఏమీ అనుకోకండి, మీవన్నీ వచ్చే సంచికలో చూస్తాను.

ప్రశ్న: మాస్టారూ, మెర్సిడెస్ అంటే అమ్మాయి పేరన్నారు. ఎవరి అమ్మాయి? డైమ్లర్ కూతురని మా అన్నయ్య, బెంజ్ కూతురని నేను పందెం కాశాం.
(ఒక డిగ్రీ విద్యార్థిని)

ఇద్దరూ ఓడిపోయారమ్మా. డైమ్లర్, బెంజ్ జర్మనీలో వేర్వేరుగా కార్ల కంపెనీలు పెట్టినవాళ్లు. ఆ పాప నాన్న కార్లు తయారుచేసినవాడు కాదు, కొని అమ్మినవాడు. పేరు ఎమిల్ యెలినెక్. 1853లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టాడు. తండ్రి అడాల్ఫ్ యెలినెక్ వియన్నాలో పేరుమోసిన యూదు మతగురువు, మహా పండితుడు. అన్నదమ్ముల్లో ఒకరు న్యాయశాస్త్రంలో, ఇంకొకరు భాషాశాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు. ఎమిల్‌కు మాత్రం చదువు ఎక్కలేదు. ఉత్తర ఆఫ్రికా వెళ్లి కొన్నాళ్లు దౌత్య కార్యాలయాల్లో, మరికొన్నాళ్లు వ్యాపారంలో గడిపి, బాగా గడించి, చివరికి ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ నగరంలో మకాం పెట్టాడు. ఆ రోజుల్లో చలికాలం వస్తే యూరప్ ధనవంతులంతా నీస్‌లో దిగేవారు. సరుకు ఎక్కడ అమ్ముడవుతుందో తెలిసిన మనిషి!

1889 సెప్టెంబర్ 16న వియన్నాలో ఆయనకు కూతురు పుట్టింది. పూర్తి పేరు మెర్సిడెస్ అడ్రియెన్ రమోనా మాన్యుయెలా యెలినెక్. పాపకు నాలుగేళ్లయినా నిండకుండానే తల్లి పోయింది. ఆ పేరు తనకు కలిసొస్తుందని తండ్రికి గట్టి నమ్మకం. నీస్‌లో కొన్న ఇంటికి అదే పేరు, పడవలకూ అదే పేరు. రేసుల్లో కార్లను దింపేటప్పుడు తన పేరు బదులు ‘మస్యూ మెర్సిడెస్’ (మెర్సిడెస్ గారు) అని రాయించుకునేవాడు. 1899 మార్చిలో నీస్ రేసుల వారంలో ఆ పేరు జనం నోట పడింది. అప్పటికింకా ఏ కారుకూ ఆ పేరు లేదు.

ఇక కార్ల సంగతి. ఆయన జర్మనీలోని కాన్‌స్టాట్‌కు వెళ్లి డైమ్లర్ కంపెనీ కారు ఒకటి కొన్నాడు. గంటకు 24 కిలోమీటర్లు పోయేది. ఆయనకు అది ఆనలేదు, 40 పోయేవి కావాలన్నాడు. ఫ్యాక్టరీవాళ్లకు టెన్షన్ అక్కడే మొదలైంది. బరువెక్కువ, ఎత్తెక్కువ, వేగం చాలదంటూ ఉత్తరాలు, టెలిగ్రాములు. విసిగించినా వదులుకోగలిగిన మనిషి కాదు. 1899లో 10 కార్లు, 1900లో 29 కార్లు ఆ ఒక్కడే తీసుకున్నాడు. అప్పట్లో అది పెద్ద లెక్క. ఆయన దగ్గర కొన్నవాళ్లలో మహా ధనవంతులైన బ్యాంకర్లు, రోత్‌షీల్డ్ కుటుంబం వాళ్లు కూడా ఉన్నారు.

1900 మార్చి ఆ కంపెనీకి చెడ్డ నెల. 6వ తేదీన గాట్‌లీబ్ డైమ్లర్ చనిపోయాడు. 30వ తేదీన నీస్ నుంచి లా టుర్బీ కొండ ఎక్కే రేసులో కంపెనీ ఫోర్‌మన్, డ్రైవర్ విల్‌హెల్మ్ బావర్ మలుపు దగ్గర బండి అదుపు తప్పి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ కారు పేరు ఫీనిక్స్. 28 హార్స్‌పవర్ ఇంజిన్‌ను ముందు పెట్టారు, చక్రాల మధ్య దూరం తక్కువ, బండి ఎత్తు. అలాంటి బండి మలుపులో తిరగబడక ఏం చేస్తుంది? రేసులే మానేద్దామని కంపెనీలో ఆలోచన వచ్చింది. యెలినెక్ ఒప్పుకోలేదు. ఎత్తు తగ్గించండి, పొడవు పెంచండి, వెడల్పు పెంచండి, ఇంజిన్ తేలిక చేయండి అన్నాడు. ఆ ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 2న ఒప్పందం కుదిరింది. కొత్త ఇంజిన్‌కు ‘డైమ్లర్-మెర్సిడెస్’ అని పేరు పెట్టాలన్నది అందులో ఒక షరతు. ఆ వెంటనే 5,50,000 జర్మన్ మార్కుల ఖరీదు చేసే 36 కార్లకు ఆర్డర్ పడింది. ఇంత డబ్బు చూపించే మనిషి ఏ పేరు అడిగినా పెడతారు.

కారు గీసింది డైమ్లర్ కంపెనీ ఇంజినీరు విల్‌హెల్మ్ మైబాఖ్. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ సెక్షన్‌లో పాఠాలు చెప్పినన్నాళ్లూ రేడియేటర్ చాప్టర్ వచ్చిందంటే ముందు ఈ కారు బొమ్మే బోర్డు మీద వేసేవాణ్ని. అంతకుముందు కార్లకు పొడుగాటి గొట్టాన్ని చుట్టలు చుట్టి అందులో నీళ్లు తిప్పేవారు. ఇంజిన్ శక్తి పెరిగేకొద్దీ ఆ ఏర్పాటు చాలకుండా పోయింది. మైబాఖ్ చిన్న చిన్న చదరపు గొట్టాలు 8,070 తీసుకుని, పక్కపక్కన పేర్చి, అతికించి పెట్టెలా చేశాడు. గొట్టాల్లోంచి గాలి పోతుంది, వాటి మధ్య సందుల్లో నీళ్లు తిరుగుతాయి. గాలి తగిలే ఉపరితలం ఒక్కసారిగా పెరిగింది, మోయాల్సిన నీళ్లు తగ్గాయి. దాన్నే తేనెపట్టు రేడియేటర్ అన్నారు. ఈ రోజు మీ బండి ముందు జాలీ వెనక ఉన్నది దాని వారసుడే. దానికి తోడు స్టీలు రేకును ప్రెస్‌లో వంచి చేసిన ఫ్రేమ్, కిందికి దించిన 35 హార్స్‌పవర్ ఇంజిన్, గాడుల్లో నడిచే గేర్ లివర్. గుర్రబ్బండికి ఇంజిన్ తగిలించినట్టు ఉండే రూపం పోయి, కారుకంటూ ఒక రూపం అప్పుడే వచ్చిందని నా అభిప్రాయం. చాలామంది చరిత్రకారులూ అదే అంటారు.

మొదటి కారు 1900 డిసెంబర్ 22న ఫ్యాక్టరీ నుంచి బయల్దేరింది. 1901 మార్చిలో నీస్ రేసులు. ఏడాది కిందట బావర్ చనిపోయిన అదే కొండ దారిలో ఈ కారు గంటకు సగటున 51 కిలోమీటర్లకు పైగా వేగంతో ఎక్కింది. అంతకుముందు రికార్డు 31 చిల్లర. మిగతా కంపెనీల వాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. ఫ్రాన్స్ ఆటోమొబైల్ క్లబ్ ప్రధాన కార్యదర్శి పాల్ మెయాన్ ‘మనం మెర్సిడెస్ యుగంలోకి అడుగుపెట్టాం’ అన్నాడు. పోటీ కంపెనీలన్నీ ఫ్రాన్స్‌వే అయిన రోజుల్లో ఒక ఫ్రెంచివాడు అన్న మాట ఇది! 1902లో మెర్సిడెస్ పేరును కంపెనీ ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేసుకుంది. పాపకు అప్పుడు 13 ఏళ్లు.

ప్రశ్న: కంపెనీ పెట్టింది డైమ్లర్, డబ్బున్న డీలరు అడిగితే మాత్రం సొంత పేరు వదులుకుంటారా?
(ఒక వ్యాపారి)

మంచి ప్రశ్న, వ్యాపారి అడగాల్సిన ప్రశ్న. వదులుకోవడానికి చేతిలో ఉంటే కదా బాబూ! అప్పటికే డైమ్లర్ పేరూ పేటెంట్లూ నాలుగు దిక్కులకూ పంచేసి ఉన్నాయి.

ఫ్రాన్స్‌లో డైమ్లర్ ఇంజిన్ హక్కులు ఎదువార్ సరజాన్ అనే లాయరు చూసుకునేవాడు. ఆయన 1887లో చనిపోతే భార్య లూయీజ్ ఆ హక్కులు నిలబెట్టుకుని, తర్వాత ఎమిల్ లెవసోర్‌ను పెళ్లాడింది. అలా అవి పానార్ ఎ లెవసోర్ అనే ఫ్రెంచి కార్ల కంపెనీకి చేరాయి. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ సిమ్స్ హక్కులు కొన్నాడు, అక్కణ్నుంచి 1896లో కొవెంట్రీలో డైమ్లర్ మోటార్ కంపెనీ అని వేరే సంస్థే పుట్టింది. బ్రిటిష్ రాజకుటుంబం ఏళ్లతరబడి ఎక్కిన డైమ్లర్ కార్లు అవే. జర్మనీ డైమ్లర్‌తో వాటికి పేరు తప్ప చుట్టరికం మిగల్లేదు. 1960లో ఆ బ్రిటిష్ కంపెనీని జాగ్వార్ కొనేసింది. ఆస్ట్రియాలో ఆస్ట్రో-డైమ్లర్ ఇంకోటి. అమెరికాలో అయితే పియానోలు చేసే విలియం స్టైన్‌వే 1888లో హక్కులు తీసుకున్నాడు. పియానోలవాడికి ఇంజిన్లు ఎందుకని అడక్కండి, ఆ కాలమే అలాంటిది.

ఈ పరిస్థితిలో యెలినెక్ నీస్‌లో కూర్చుని ఫ్రాన్స్‌లో ‘డైమ్లర్’ కార్లు అమ్మితే పానార్ వాళ్లు కోర్టుకు ఈడ్చే ప్రమాదం ఉంది. ఎవరి హక్కూ లేని కొత్త పేరైతే ఆ తలనొప్పి లేదు. కూతురి మీద ప్రేమ నిజమే కానీ, దాని వెనక లాయర్ల భయమూ ఉంది. ప్రేమ కథ ఒక్కటే చెబుతారు అందరూ.

ప్రశ్న: తండ్రే కూతురి పేరును తన ఇంటిపేరుగా మార్చుకున్నాడని విన్నాను. ఆ అమ్మాయి తర్వాత ఏమైంది? సుఖపడిందా?
(ఒక గృహిణి)

నిజమేనమ్మా. 1903లో అధికారికంగా అనుమతి తీసుకుని యెలినెక్-మెర్సిడెస్ అయ్యాడు. కూతురి పేరు పెట్టుకున్న తండ్రి బహుశా ప్రపంచంలో తానే మొదటివాణ్నని చెప్పుకునేవాడట.

సుఖం సంగతి చెప్పాలంటే మనసు ఒప్పదు. 1909లో నీస్‌లో ఆస్ట్రియా బారన్ ఒకరితో వైభవంగా పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి అందరినీ తలకిందులు చేసింది. తండ్రి ఆస్ట్రియా పౌరుడు, ఆస్తులేమో ఫ్రాన్స్‌లో. ఫ్రాన్స్ ఆయన్ని శత్రువుగా చూసి ఆస్తులు స్వాధీనం చేసుకుంది. ఆయన 1918 జనవరిలో జెనీవాలో చనిపోయాడు. మెర్సిడెస్ మొదటి భర్తను వదిలి ఒక శిల్పిని పెళ్లాడింది. 1929 ఫిబ్రవరిలో వియన్నాలో క్యాన్సర్‌తో పోయింది, 39 ఏళ్లకే.

ఇక్కడ మీరెవరూ అడగని సంగతి ఒకటి చెబుతాను. యెలినెక్‌కు ఇంకో కూతురు ఉంది, పేరు మాయా. మొదటి పేరు అంత కలిసొచ్చింది కదా అని ఆస్ట్రో-డైమ్లర్ చేసిన ఒక కారుకు ఈ కూతురి పేరు పెట్టించాడు. అప్పుడు ఆ ఫ్యాక్టరీలో సాంకేతిక పెద్ద ఎవరో తెలుసా, ఫెర్డినాండ్ పోర్షే. తండ్రి అదే, డబ్బు అదే, పోర్షే అంతటి ఇంజినీరు. అయినా మాయా కారు ఎవరికైనా గుర్తుందా? అమ్ముడు పోలేదు, ఆగిపోయింది. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ కూడా 1957లో హెన్రీ ఫోర్డ్ ఒక్కగానొక్క కొడుకు పేరుతో ‘ఎడ్సెల్’ అని కార్లు దింపి, మూడేళ్లు తిరక్కుండా చేతులు కాల్చుకుని ఆపేసింది. అందుకే ‘పేరు బలం’ అన్నప్పుడల్లా నాకు ఆ 8,070 గొట్టాలు గుర్తొస్తాయి. 1901లో ఆ కారు కొండ ఎక్కకపోయుంటే ఈ ఉత్తరాలు మీరు రాసేవారు కాదు.

ప్రశ్న: మనం మామూలుగా ‘బెంజి కారు’ అంటాం. ఆ బెంజ్, ఈ డైమ్లర్ స్నేహితులా?
(ఒక రిటైర్డ్ ఉద్యోగి)

స్నేహితులు కాదండీ, కలిసి కూర్చుని మాట్లాడుకున్న దాఖలా కూడా లేదు. ఇద్దరి ఊళ్ల మధ్య దూరం వంద కిలోమీటర్ల చిల్లరే. కార్ల్ బెంజ్ మాన్‌హైమ్‌లో, డైమ్లర్ కాన్‌స్టాట్‌లో. 1886 జనవరి 29న బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంట్ దరఖాస్తు వేశాడు, దాని నంబరు 37435. అదే ఏడాది డైమ్లర్, మైబాఖ్ కలిసి నాలుగు చక్రాల బండికి ఇంజిన్ బిగించారు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే!

బెంజ్ గురించి చెబుతూ ఆయన భార్య బెర్తా గురించి చెప్పకపోతే అన్యాయం. పెళ్లికి ముందే తన కట్నం డబ్బు తెప్పించి, బెంజ్ వర్క్‌షాపులో పేచీ పెడుతున్న భాగస్వామి వాటా కొనిపించింది. 1888 ఆగస్టులో, బండి కొనేవాడు లేక భర్త దిగులు పడుతుంటే, ఆయనకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్లకు పైగా దారి. ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్‌లో మందుల షాపుకు వెళ్లి, మరకలు తుడవడానికి అమ్మే లిగ్రోయిన్ కొని పోయించింది. ఇంధనం గొట్టంలో చెత్త అడ్డుపడితే టోపీ పిన్నుతో తీసింది. వైరు ఒరుసుకుపోతే మేజోళ్ల పట్టీ చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర తోలు అతికించింది. ఇంటికొచ్చాక కొండ ఎక్కడానికి ఇంకో గేరు కావాలని భర్తకు చెప్పింది. టెస్ట్ డ్రైవ్ రిపోర్టు అంటే ఇలా ఉండాలి! కారుతో ఏ పనీ లేని పిల్ల పేరు బానెట్ మీదికెక్కింది, ఇంత చేసిన మనిషి పేరు ఎక్కలేదు. ఆమె ప్రయాణించిన దారికి మాత్రం ఇప్పుడు బెర్తా బెంజ్ స్మారక మార్గమని పేరుంది.

1900 నాటికి ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ కార్లు చేస్తున్నది బెంజ్ కంపెనీయే, ఆ ఏడాది 603. కానీ మెర్సిడెస్ రాగానే బెంజ్ కార్లు పాతకాలం సరుకైపోయాయి. పోటీకి నిలబడాలని కంపెనీవాళ్లు ఫ్రెంచి డిజైనర్లను తెచ్చుకుంటే కార్ల్ బెంజ్ అలిగి 1903లో బయటికి నడిచాడు. రెండు కంపెనీలూ ఏళ్లతరబడి కత్తులు దూసుకున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయి, 1923లో జర్మన్ మార్కు విలువ కాగితం పాటి కూడా చేయకుండా పోయాక, కార్లు కొనే నాథుడే లేడు. 1924లో చేతులు కలిపి, 1926 జూన్‌లో డైమ్లర్-బెంజ్‌గా ఒకటయ్యారు. వెనకుండి నడిపించింది బ్యాంకు. కంపెనీకి డైమ్లర్-బెంజ్, కార్లకు మెర్సిడెస్-బెంజ్. మన జనం అందులో పలకడానికి సులువైన ముక్క పట్టుకుని ‘బెంజి’ చేసుకున్నారు. కార్ల్ బెంజ్ వింటే సంతోషించేవాడు.

ప్రశ్న: మూడు కొమ్మల నక్షత్రం అంటే నేల, నీరు, గాలి అని చెబుతారు. నిజమా, తర్వాత అల్లిన కథా?
(ఒక బ్యాంకు ఉద్యోగి)

కంపెనీ చెప్పే అర్థం అదే. డైమ్లర్ ఇంజిన్లు బండ్లతో పాటు పడవలకూ గాలి ఓడలకూ బిగించారు కాబట్టి గాలిలోంచి తీసిన అర్థమైతే కాదు.

దాని పుట్టుక మాత్రం ఇంట్లోనిది. 1870లలో డైమ్లర్ కొలోన్ పక్కనున్న డాయిట్జ్ గ్యాస్ ఇంజిన్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. భార్యకు పంపిన ఒక ఊరి బొమ్మ కార్డు మీద తామున్న ఇంటి పైన నక్షత్రం గుర్తు వేసి, ఏదో ఒక రోజు ఈ నక్షత్రం మన సొంత ఫ్యాక్టరీ మీద వెలుగుతుందని రాశాడు. ఆయన పోయాక కంపెనీకి పేరైతే దొరికింది కానీ గుర్తు లేదు. కొడుకులు పాల్, అడాల్ఫ్‌లకు నాన్న నక్షత్రం గుర్తొచ్చింది. 1909లో మూడు కొమ్మలదీ నాలుగు కొమ్మలదీ రెండూ రిజిస్టర్ చేసి, మూడు కొమ్మలది వాడుకున్నారు. అదే ఏడాది బెంజ్ వాళ్లు తమ పేరు చుట్టూ లారెల్ ఆకుల దండ పెట్టుకున్నారు. రెండు కంపెనీలూ దగ్గరయ్యాక నక్షత్రం చుట్టూ దండ వచ్చింది. పేరు డీలరు కూతురిది, నక్షత్రం డైమ్లర్‌ది, దండ బెంజ్‌ది.

ప్రశ్న: రేసు ముందు రోజు కారు ఒక్క కిలో బరువెక్కువైతే పెయింటు గీకేశారట, అందుకే వెండి రంగు వచ్చిందట. ఈ కథ ఎంతవరకు నమ్మొచ్చు?
(రేసుల అభిమాని)

కథ అద్భుతంగా ఉంటుంది. 1934లో జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ ట్రాక్‌లో ఐఫెల్ రేసు, కారు 750 కిలోలు మించకూడదు, తూస్తే 751. టీమ్ మేనేజర్ ఆల్‌ఫ్రెడ్ నాయ్‌బావర్ రాత్రికి రాత్రి తెల్ల పెయింటు గీకించాడు, తెల్లారి అల్యూమినియం మెరుపుతో బండి గెలిచింది, ‘వెండి బాణం’ అని పేరొచ్చింది. చెప్పింది నాయ్‌బావరే, ఎన్నో ఏళ్ల తర్వాత. మనిషి కథలు చెప్పడంలో దిట్ట. ఇబ్బంది ఏమిటంటే, ఆ రేసుకు 750 కిలోల నిబంధన వర్తించలేదని చరిత్రకారులు తేల్చారు. కార్లు మొదటినుంచీ వెండి రంగువే అయుండాలని వాళ్ల వాదన. నేను చరిత్రకారుల పక్షం. పెయింటు గీకి కిలో తగ్గించొచ్చా అంటే, తగ్గించొచ్చు. అది వేరే సంగతి.

ప్రశ్న: ‘ఘనమైన వారసత్వం’ అని ప్రకటనల్లో రాస్తారు. హిట్లర్ ఎక్కింది కూడా ఈ కార్లే కదా? ఆ సంగతి ఎందుకు దాస్తారు?
(ఒక ఉపాధ్యాయుడు)

ప్రకటనల్లో ఎవరు రాస్తారు మాస్టారూ! కానీ మీ కోపం న్యాయమైనదే. ‘గ్రోసర్ మెర్సిడెస్’ అనే 770 మోడల్ కారు నాజీ పెద్దల ఊరేగింపుల్లో కనిపించేదే. కార్లు ఎవరు ఎక్కారన్నది నాకు చిన్న విషయం. ఫ్యాక్టరీలో ఎవరి చేత పని చేయించారన్నది పెద్ద విషయం. 1944లో కంపెనీలో పనిచేస్తున్నవాళ్లు 63,610 మంది. అందులో దాదాపు సగం మంది బలవంతంగా తెచ్చిన పౌరులు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల వాళ్లు. బెర్లిన్ దగ్గర గెన్స్‌హాగెన్‌లో విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ రావెన్స్‌బ్రూక్ శిబిరం నుంచి తెచ్చిన మహిళలే వెయ్యిమందికి పైగా. కంపెనీ చాలా ఏళ్లు దీని గురించి నోరు మెదపలేదు. 1980లలో చరిత్రకారులకు పాత రికార్డులు చూపించింది. 2000లో జర్మనీ ప్రభుత్వం, పరిశ్రమలు కలిసి పెట్టిన ‘స్మరణ, బాధ్యత, భవిష్యత్తు’ నిధిలో డబ్బు పెట్టిన కంపెనీల్లో ఇదీ ఉంది. యాభై ఏళ్ల ఆలస్యం.

ఇంకో మాట. ఏ కార్ల మీద నిలబడి వాళ్లు యూదుల్ని తుడిచిపెడతామని అరిచారో, ఆ కార్ల ముందు రాసున్నది వియన్నా యూదు మతగురువు మనవరాలి పేరు. మీ క్లాసులో పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: మెర్సిడెస్ కార్ల మీద ఉండే ఎస్, ఈ, ఎస్‌ఎల్, ఏఎంజీ అక్షరాలకు అర్థాలు ఉన్నాయా, ఊరికే పెట్టారా?
(ఒక ఇంజినీరింగ్ విద్యార్థి)

ఉన్నాయి బాబూ. ఎస్ అంటే ‘జోండర్‌క్లాస్’, ప్రత్యేక తరగతి. 1972 నుంచి అధికారికంగా ఎస్-క్లాస్. ‘ఈ’ మొదట్లో ‘ఐన్‌ష్ప్రిట్జుంగ్’, అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కారని చెప్పే గుర్తు, మోడల్ అంకె వెనక రాసేవారు. అన్ని కార్లకూ ఇంజెక్షన్ వచ్చేశాక దానికి పని లేకుండా పోయింది. 1993లో ఆ అక్షరాన్ని అంకె ముందుకు తెచ్చి ఈ-క్లాస్ అన్నారు. ఎస్‌ఎల్ అంటే ‘సూపర్ లైఖ్ట్’, బాగా తేలిక అని. ‘స్పోర్ట్ లైఖ్ట్’ అని చాలా పుస్తకాల్లో ఉంటుంది, చివరికి కంపెనీయే పాత కాగితాలు తిరగేసి మొదటిదే సరైనదని తేల్చింది. ఇప్పటి ఎస్‌ఎల్‌ల బరువు చూస్తే ఆ అర్థం బయటికి చెప్పకపోవడమే మేలు. ఏఎంజీలో ఇద్దరు మనుషులు, ఒక ఊరు ఉన్నారు. ఆఫ్‌రెఖ్ట్, మెల్ఖర్ అనే ఇద్దరు ఇంజినీర్లు 1967లో పెట్టిన చిన్న వర్క్‌షాపు అది. జీ అంటే గ్రోసాస్పాఖ్, ఆఫ్‌రెఖ్ట్ పుట్టిన ఊరు.

ప్రశ్న: డైమ్లర్ పేరు ఇప్పుడు ఎక్కడుంది మాస్టారూ?
(పేరు రాయని పాఠకుడు)

లారీల కంపెనీ మీద. 1998లో అమెరికా క్రిస్లర్‌తో కలిసి డైమ్లర్-క్రిస్లర్ అయ్యారు. ఆ కాపురం 2007లో చెడింది, కంపెనీ పేరు ఒట్టి డైమ్లర్‌గా మిగిలింది. 2021 చివర్లో లారీలు, బస్సుల వ్యాపారాన్ని విడదీసి డైమ్లర్ ట్రక్ అని వేరు కుంపటి పెట్టారు. 2022 ఫిబ్రవరి 1 నుంచి అసలు కంపెనీ పేరు మెర్సిడెస్-బెంజ్ గ్రూప్. లాయర్లకు భయపడి తెచ్చిన పేరు ఇప్పుడు కంపెనీ బోర్డు మీదికే ఎక్కి కూర్చుంది. మైబాఖ్ పేరు కూడా కార్ల మీద ఉంది, 2014 నుంచి మెర్సిడెస్-మైబాఖ్‌గా. తేనెపట్టు రేడియేటర్ చేసినవాడి పేరు ఖరీదైన కార్ల మీద ఉండటం నాకు మహా సంతృప్తి. క్లచ్ ప్రశ్నలవాళ్లు వచ్చే సంచికలో కలుద్దాం.